ఒంటి బరువు, బండి స్యాగ్: 95 నుంచి 83 కిలోల దాకా ఒక ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఇదీ. ఎండ్యూరో బండి (మట్టి, రాళ్ల దారుల్లో నడిపే తేలికైన మోటార్‌సైకిల్) నడిపే రైడర్ బరువు 95 కిలోల నుంచి 83కి తేవాలి. తగ్గిన ప్రతి నాలుగు కిలోలకూ ఒకసారి బండి స్యాగ్, అంటే బరువుకి సస్పెన్షన్ ఎంత కుంగుతుందో, మళ్లీ కొలవాలి. మట్టిలో, రాళ్లలో, ఎత్తుల మీద ఏం మారిందో రాసి పెట్టాలి. మొదటి పని చాలామంది చేస్తారు. రెండోది వదిలేస్తారు కాబట్టి మొదటిదాని ఫలితం సగం చేజారిపోతుంది. పది కిలోలు తగ్గాక "బండి ఎందుకో ఎగరేస్తోంది, ముందు చక్రం రాళ్ల మీద పక్కకి కొడుతోంది" అనే రైడర్లు తక్కువేం కాదు. పాత బరువుకి బిగించిన స్ప్రింగ్ మీద కొత్త బరువు నిలబడితే అలాగే ఉంటుంది.

ఒళ్లు తేదీల ప్రకారం తగ్గదు కాబట్టి ఈ పద్దులు కూడా తేదీల వారీగా లేవు, కిలోల వారీగా ఉన్నాయి.

95 కిలోలు: మొదలుపెట్టే ముందు కొలతలు

బండి లింకేజ్ (వెనక చక్రాన్నీ షాక్ అబ్జార్బర్‌నీ కలిపే లివర్ల ఏర్పాటు) ఉన్న ఎండ్యూరో. పెట్రోలుతో కలిపి 112 కిలోలు, వెనక చక్రం ప్రయాణం 300 మి.మీ. రైడర్ ఒంటి మీది సామాను విడిగా తూచాలి, ఎందుకంటే ఈ లెక్క ఎప్పుడూ అంచనాకన్నా ఎక్కువే తేలుతుంది. హెల్మెట్ 1.4, బూట్ల జత 4, నీ బ్రేస్‌లు (మోకాలి రక్షణలు) 1.3, ఆర్మర్, దుస్తులు కలిపి 2.5, రెండు లీటర్ల నీళ్లతో హైడ్రేషన్ ప్యాక్ 2.8. మొత్తం 12 కిలోలు. అంటే స్ప్రింగ్‌ల మీద పడే రైడర్ బరువు 95 కాదు, 107. బండితో కలిపి 219.

పన్నెండు కిలోలు తగ్గితే మొత్తం 207 అవుతుంది, అంటే అయిదున్నర శాతం తగ్గుదల. అదే ఇంజను, అదే గేరింగ్, కిలోకి దక్కే శక్తి దాదాపు ఆరు శాతం ఎక్కువ. రెండు వందల కిలోల అడ్వెంచర్ బండి మీద ఇవే పన్నెండు కిలోలు నాలుగు శాతం దగ్గర ఆగిపోతాయి. కాబట్టి బండి ఎంత తేలికైతే ఒంటి బరువు అంత పెద్ద విషయం.

అయితే ఈ శాతాన్ని చూసి మోసపోకూడదు. బండి మీది కిలో, ఒంటి మీది కిలో ఒకటి కావు. నిలబడి నడిపేటప్పుడు రైడర్ శరీరానికీ బండికీ మధ్య మోకాళ్లు, తుంట్లు ఉంటాయి. బండి కింద ఊగుతూ ఉంటే శరీరం పైన దాదాపు స్థిరంగా ఉండగలదు. పడిపోయిన బండిని లేపాలంటే బండి బరువే అడ్డం, పొట్ట తగ్గినంత మాత్రాన అది తేలిక కాదు. పైగా వెనక చక్రానికి పట్టు కావాలన్నా, ముందు చక్రం లేపాలన్నా రైడర్ తన బరువునే ముందుకీ వెనక్కీ జరుపుతాడు. తేలికైన రైడర్ అదే ఫలితానికి తుంట్లని ఇంకొంచెం దూరం జరపాలి. అంటే తగ్గాల్సింది కొవ్వు. తొడలు, పిరుదులు, వీపు, ముంజేతుల కండ తగ్గితే ఆ పన్నెండు కిలోలు నష్టమే. ఈ ప్రాజెక్టు మొత్తానికీ ఇదే గీటురాయి.

లాభం ఎక్కడుందో అంకెల్లో చూద్దాం. మీటరు ఎత్తు నుంచి దిగిన ప్రతిసారీ, తగ్గిన పన్నెండు కిలోల వల్ల సుమారు 118 జౌళ్ల శక్తిని కాళ్లూ సస్పెన్షనూ కలిసి మింగాల్సిన పని తప్పుతుంది. గతుకుల దారిలో నిమిషానికి ఇరవై సార్లు ఒళ్లు 30 సెం.మీ. కిందికీ పైకీ ఆడుతుందనుకుంటే గంటకి 1,200 సార్లు. పైకి లేవడానికి మిగిలే యాంత్రిక శక్తి 42 కిలోజౌళ్లు. కండరాల సామర్థ్యం ఇరవై శాతం పైచిలుకు అని లెక్కేస్తే ఆహారం రూపంలో అది గంటకి 45 కిలోకాలరీల దాకా. అంకె చిన్నదే. అసలు లాభం కాలరీల్లో లేదు, తొడలు ఎంత ఆలస్యంగా అలుస్తాయన్నదాంట్లో ఉంది. తొడలు అలిసిన రైడర్ సీటు మీద కూర్చుంటాడు. కూర్చోగానే ప్రతి గుంతా వెన్నులోకి వస్తుంది, చేతులు హ్యాండిల్‌బార్‌ని పట్టి వేలాడతాయి, ముంజేతులు బిగుసుకుపోతాయి. ఈ బిగుసుకుపోవడాన్నే ఆర్మ్ పంప్ అని చేతులకి మందు వెతికేవాళ్లలో చాలామందికి అది మొదలయ్యేది కాళ్లలో.

ఇక స్యాగ్. బండిని స్టాండ్ మీద పెట్టి వెనక చక్రం గాల్లో వేలాడుతుండగా యాక్సిల్ మధ్య నుంచి నిటారుగా పైన వెనక ఫెండర్ మీద ఒక గుర్తు పెట్టి దూరం కొలవాలి. ఇది మొదటి కొలత. బండిని నేల మీద నిటారుగా పట్టుకుని, రైడర్ లేకుండా రెండోది. రైడర్ పూర్తి సామానుతో, నీళ్ల సంచితో సహా, పెగ్‌ల (పాదాలు పెట్టే కడ్డీల) మీద నిలబడ్డాక మూడోది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే స్టాటిక్ స్యాగ్, మూడోది తీసేస్తే రేస్ స్యాగ్. సీళ్ల రాపిడి వల్ల ఒకే కొలత నమ్మకూడదు. ఒకసారి వెనక భాగాన్ని కిందికి నొక్కి మెల్లగా లేవనిచ్చి, ఒకసారి పైకెత్తి మెల్లగా దిగనిచ్చి, రెండింటి సగటు తీసుకోవాలి. ముగ్గురు మనుషులు కావాలి: ఎక్కేవారు, పట్టుకునేవారు, కొలిచేవారు. ఒక్కరే గోడకి ఆనించి కొలిస్తే బండి ఒరిగిన మేర అంకె తప్పుతుంది.

ఇక్కడ వచ్చినవి: రేస్ స్యాగ్ 105 మి.మీ., స్టాటిక్ 35. స్ప్రింగ్ 48 న్యూటన్/మి.మీ. (ఈ అంకె ఎంత పెద్దదైతే స్ప్రింగ్ అంత గట్టిది). మూడు వందల ప్రయాణానికి రేస్ స్యాగ్ మూడో వంతు చుట్టూ, స్టాటిక్ 30 నుంచి 40 మధ్య ఉండటం లింకేజ్ బండ్లకి సరైన జాగా. రెండింటి తేడా 70 మి.మీ., అది 107 కిలోల రైడర్ వల్ల వచ్చిన కుంగుడు. భాగిస్తే కిలోకి 0.65 మి.మీ. ఈ ఒక్క అంకె కాగితం మీద ఉంటే ముందు ముందు ఎంత మారబోతోందో బండి ముట్టుకోకుండానే తెలుస్తుంది. మీ బండికి ఈ అంకె వేరుగా వస్తుంది, మీ కొలతలతోనే లెక్క వేసుకోవాలి.

ఒంటికి కొలతలు రెండే: రోజూ ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తాగకముందు తూచిన బరువు, వారానికోసారి బొడ్డు దగ్గర నడుం చుట్టుకొలత. బరువుని రోజువారీగా చూడొద్దు, ఏడు రోజుల సగటే చూడాలి.

93 కిలోలు: ఇది ఇంకా కొవ్వు కాదు

మొదటి రెండు కిలోలు వేగంగా పోతాయి. ఒంట్లో నిలవ ఉన్న ప్రతి గ్రాము గ్లైకోజెన్ (కండరాల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం) తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ఆ నిలవ కొంత కరిగి నీళ్లు బయటికి పోతాయి. ఈ అంకె చూసి స్యాగ్ మార్చడానికి బయలుదేరకూడదు, ఇంకా తొందరగా తగ్గాలని తిండి మరింత కోయకూడదు.

లెక్క నెమ్మదిగా నడిచేది. కిలో కొవ్వుకి సుమారు 7,700 కిలోకాలరీలు. పన్నెండు కిలోలకి 92,400. రోజుకి 500 లోటుతో, అంటే ఖర్చుకన్నా అంత తక్కువ తింటే, 185 రోజులు, అంటే ఆరు నెలలు. బరువు తగ్గే కొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి ప్రతి నాలుగు కిలోలకీ లోటుని తిరిగి లెక్కించాలి, లేకపోతే పోను పోను ముల్లు కదలడం నెమ్మదిస్తుంది. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ముప్పావు శాతం, అంటే అర కిలో నుంచి 700 గ్రాములు. అంతకు మించి తగ్గితే కండ కూడా పోతున్నట్టు అనుమానించాలి.

ప్రోటీన్ లక్ష్య బరువు మీద లెక్కేస్తే చాలు: కిలోకి 1.6 నుంచి 2 గ్రాములు, 83 కిలోలకి రోజుకి 133 నుంచి 166 గ్రాములు, మూడు నాలుగు పూటలకి పంచి. గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవాళ్లు, ముఖ్యంగా వాటికి మందులు వాడేవాళ్లు, తిండి మార్చేముందు డాక్టర్‌ని అడగాలి. మోతాదు మార్చాల్సి రావచ్చు.

వ్యాయామం వారానికి రెండు రోజులు బరువులతో: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లేదా తుంటి దగ్గర వంగే మరే కదలికైనా, రోయింగ్, పుష్-అప్, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడక. చివరిది పట్టుకీ నడుముకీ ఒకేసారి పని చెబుతుంది, పడిన బండిని లేపే పనికి దీనికి మించిన సాధన కనిపించదు. మిగతా రెండు మూడు రోజులు 40 నుంచి 60 నిమిషాలు, పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో సైకిలో నడకో. 95 కిలోల మీద పరుగు వద్దు, మోకాళ్లు రైడింగ్‌కి కావాలి.

91 కిలోలు: రింగ్ మొదటిసారి కదిలింది

నాలుగు కిలోలు, కిలోకి 0.65 చొప్పున 2.6 మి.మీ. కొలిస్తే రేస్ స్యాగ్ 102 పైచిలుకు. ఇంత చిన్న తేడాకి రింగ్ (వెనక షాక్ అబ్జార్బర్ మీది స్ప్రింగ్‌ని బిగించే, వదులు చేసే కట్టు) తిప్పాలా అంటే, నడిపేటప్పుడు తెలిసేంత తేడా కాదు. కానీ ఇక్కడ తిప్పి చూసుకుంటే ఒక చుట్టుకి ఎంత మారుతుందో మీ బండికి సరిపడా అంకె దొరుకుతుంది. అందుకే తిప్పాం.

పద్ధతి: షాక్ పైభాగం మర దారాల్ని గట్టి బ్రష్‌తో శుభ్రంగా తోమాలి. ఇసుక ఉన్న దారం మీద రింగ్ తిప్పితే అల్యూమినియం దారం తినేస్తుంది. స్ప్రింగ్ పొడవుని ముందే కొలిచి రాసుకోవాలి. చక్రం గాల్లో ఉండాలి. లాక్ రింగ్‌ని సి-స్పానర్‌తో వదులు చేసి, సర్దుబాటు రింగ్‌ని తిప్పాలి. స్క్రూడ్రైవర్, సుత్తి పెట్టి కొడితే రింగ్ గాట్లు చితికిపోతాయి, తరవాత స్పానర్ పట్టదు. దారం పిచ్ 1.5 మి.మీ. అయితే, లింకేజ్ నిష్పత్తి (షాక్ ఒక మి.మీ. కదిలితే చక్రం ఎన్ని మి.మీ. కదులుతుందో ఆ అంకె) 2.7 దగ్గర ఉంటే, ఒక చుట్టుకి చక్రం దగ్గర 4 మి.మీ. వస్తుంది. మూడింట రెండు చుట్లు వదిలితే రేస్ స్యాగ్ మళ్లీ 105, స్టాటిక్ 38కి కొంచెం లోపు.

ఇంకో సంగతి ఈ దశలోనే చేయాలి, దీనికి ఒళ్లు తగ్గక్కర్లేదు. వీపు మీది సంచిలో పనిముట్లు మోసేవాళ్లు వాటిని బండి మీదికి, వీలైనంత కిందికి, మధ్యకి మార్చాలి. రెండు కిలోల పనిముట్లు భుజాల ఎత్తులో ఉంటే ప్రతి గుంత దగ్గరా వీపు కండరాలు వాటిని ఆపాలి. పైగా పడినప్పుడు వెన్ను కింద ఇనుము ఉంటుంది.

89 కిలోలు: కాళ్లు ఖాళీ అయిన రోజు, దాని కారణం

ముల్లు చక్కగా దిగుతోంది, ట్రాక్ మీద మాత్రం చివరి గంట మొదటికన్నా ఘోరం. కారణం సులువే: రైడింగ్ రోజున కూడా లోటు పెట్టడం. ఆఫ్-రోడ్ రైడింగ్‌లో గుండె వేగం చాలాసేపు పైనే ఉంటుంది. అందులో కొంత శ్రమ వల్ల, కొంత చేతులు బిగించి పట్టడం వల్ల, కొంత ఉద్వేగం వల్ల. ఆ స్థాయిలో కండరాలు ఎక్కువగా కాల్చేది గ్లైకోజెన్‌నే. అది అడుగంటితే మొదట దెబ్బ తినేది నిర్ణయాలు: లైన్ (చక్రాలు పోవాల్సిన జాడ) ఎంచుకోవడం ఆలస్యమవుతుంది, బ్రేకు మీద వేలు ఒక క్షణం ఆలస్యంగా పడుతుంది. ఇది అలసట కాదు, ప్రమాదం.

అందుకే నియమం: రైడింగ్ రోజున, దాని ముందు సాయంత్రం లోటు ఉండకూడదు. రెండు మూడు గంటల ముందు పిండిపదార్థం ఎక్కువగా, కొవ్వూ పీచూ తక్కువగా ఉన్న భోజనం. రైడ్ గంట దాటితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, నీళ్లలో కలిపి తాగేదైనా సరే. నీళ్లు గంటకి 500 నుంచి 750 మిల్లీలీటర్లు మొదలు, వేడిని బట్టి పెంచాలి. మీకెంత కావాలో తెలుసుకోవాలంటే దుస్తులు లేకుండా రైడ్‌కి ముందూ తరవాతా తూచుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకీ లీటరు, దానికి తాగింది కలపాలి. తగ్గుదల శరీర బరువులో రెండు శాతం దాటకూడదు. ఆర్మర్ లోపల, తక్కువ వేగంలో, గాలి తగలని అడవి దారిలో ఇది తొందరగా దాటుతుంది.

రైడ్ నుంచి తిరిగొచ్చాక ముల్లు కిలోన్నర తక్కువ చూపిస్తే అది చెమట. పద్దులో రాయక్కర్లేదు. వారం లోటుని మిగతా రోజుల్లో సర్దుకోవాలి.

87 కిలోలు: సామాను వదులైంది

ఈ పద్దు గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు, కానీ భద్రత రీత్యా అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

హెల్మెట్. ముఖం మీది కొవ్వు తగ్గితే చీక్ ప్యాడ్‌లు (బుగ్గల దగ్గరి మెత్తలు) వదులవుతాయి. గడ్డం పట్టీ బిగించి, గడ్డం భాగాన్ని చేత్తో పక్కకి తిప్పి చూడాలి. చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి. హెల్మెట్ విడిగా జారితే వదులైనట్టే. వెనక అంచు పట్టుకుని ముందుకి దొర్లించినప్పుడు ఊడి రాకూడదు. చాలా కంపెనీలు అదే హెల్మెట్‌కి మందం చీక్ ప్యాడ్‌లు అమ్ముతాయి, మొదట అవి ప్రయత్నించాలి. నుదురు దగ్గరే వదులైతే ప్యాడ్‌తో సరిపోదు, చిన్న సైజు షెల్ కావాలి. వదులు హెల్మెట్ గతుకుల్లో కళ్ల మీదికి దిగుతుంది, దెబ్బ తగిలినప్పుడు తల ఆ ఖాళీలో కదులుతుంది.

నీ బ్రేస్‌లు. తొడ, పిక్క చుట్టుకొలత తగ్గితే బ్రేస్ రైడ్ మధ్యలో కిందికి జారుతుంది. కీలు మోకాలి చిప్ప మధ్య ఎత్తులో ఉండాల్సింది రెండు మూడు సెంటీమీటర్లు దిగిపోతుంది. అప్పుడది మోకాలిని కాపాడదు, వంగినప్పుడల్లా పిక్కని నొక్కుతుంది. తయారీదారు చెప్పిన క్రమంలో పట్టీలు బిగించి, పక్క ప్యాడ్‌లు మందంవి వేసి, బూట్ తొడిగాక పది స్క్వాట్‌లు చేసి మళ్లీ ఎక్కడుందో చూడాలి.

బూట్ల బకిల్ పట్టీలు ఒకటి రెండు గాట్లు లోపలికి మార్చాలి. పై బకిల్ వదులుగా ఉంటే మట్టీ నీళ్లూ లోపలికి పోతాయి, మడమ లేస్తుంది, గేరు లివర్ మీద స్పర్శ తప్పుతుంది. ఆర్మర్ భుజాల దగ్గర తిరగకూడదు. ప్యాంటు వదులైతే మోకాలి వెనక ముడతలు పడి చర్మం ఒరుసుకుపోతుంది, పెగ్‌కి చిక్కుకునే ప్రమాదం కూడా ఉంది.

ఈ బరువు దగ్గర ఒంట్లో వచ్చిన పెద్ద మార్పు పొట్టది. నిలబడి నడిపే భంగిమ తుంటి దగ్గర వంగే భంగిమ. మోకాళ్లు కొంచెమే వంగాలి, తుంట్లు వెనక్కి పోవాలి, వీపు చదునుగా ఉండాలి, ఛాతీ హ్యాండిల్‌బార్ మీదికి రావాలి. పొట్ట అడ్డమున్నవాళ్లు తుంటి దగ్గర వంగలేక మోకాళ్ల దగ్గర ఎక్కువ వంగుతారు. అంటే భారమంతా తొడ ముందు కండరాల మీద. వంగినప్పుడు పొట్ట డయాఫ్రమ్‌ని నొక్కి ఊపిరి కూడా పొట్టిదవుతుంది. బండిని బాక్స్ స్టాండ్ మీద పెట్టి, రెండు వైపులా పట్టీలతో బిగించి, పూర్తి సామానుతో ఈ భంగిమలో నిలబడి మాట్లాడుతూ ఎంతసేపు ఉండగలరో చూస్తే తేడా ట్రాక్‌కి వెళ్లకుండానే తెలుస్తుంది. చేతులు బార్ మీద ఊరికే ఆనాలి. వేళ్లు వదిలేసినా ముందుకి పడకూడదు. నిటారు ఎక్కుడులో ఛాతీ ముందుకి, నిటారు దిగుడులో తుంట్లు సీటు వెనక్కి పోవడం రెండూ ఇక్కడే సులువవుతాయి. మొత్తం ప్రాజెక్టులో తరాజు మీది అంకెకన్నా నడుం టేపు అంకె ఎక్కువ చెప్పేది ఈ కారణంగానే.

రింగ్ మళ్లీ మూడింట రెండు చుట్లు. రేస్ స్యాగ్ 105, స్టాటిక్ 40. ఇది హద్దు.

టైర్ల సంగతి క్లుప్తంగా. బరువు తగ్గితే రాళ్ల అంచుల మీద ట్యూబు నలిగే ప్రమాదం కొంచెం తగ్గుతుంది కాబట్టి గాలి తగ్గించి పట్టు పెంచుకునే వీలుంది. ట్యూబు టైరుతో 14 పీఎస్‌ఐ పెట్టేవాళ్లు అర పీఎస్‌ఐ చొప్పున దిగి చూడొచ్చు, టైరు చల్లగా ఉన్నప్పుడు, 30 పీఎస్‌ఐ లోపు కొలిచే గేజ్‌తో. వాల్వ్ ఒక పక్కకి ఒరిగితే టైరు రిమ్ మీద జారుతోందని అర్థం. రిమ్ లాక్ (టైరుని రిమ్‌కి అదిమిపట్టే బిగింపు) బిగించి, గాలి మళ్లీ పెంచాలి.

85 కిలోలు: ఊపిరి లెక్క

మనిషి నిమిషానికి గరిష్ఠంగా 3.5 లీటర్ల ఆక్సిజన్ వాడగలడనుకుందాం. 95 కిలోల దగ్గర అది కిలోకి 36.8 మి.లీ. అదే 3.5 లీటర్లు 83 కిలోల దగ్గర 42.2. గుండె, ఊపిరితిత్తులు ఏమీ మెరుగవకుండానే ఒంటిని మోసే పనికి దొరికే వాటా పెరిగింది. బండిని తోసే పనికి మాత్రం లీటర్లే లెక్క, కిలోలతో పని లేదు. అందుకే లీటర్లు కూడా పెంచాలి. ఇక్కడి నుంచి నెమ్మది వ్యాయామాల్లో ఒకదాన్ని తీసేసి, దాని బదులు నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, నాలుగు సార్లు. గట్టిగా అంటే రెండు మూడు మాటలకి మించి రానంత.

స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లో ఎత్తే బరువులు రాసుకుంటూ రావాలి. ఒంటి బరువు తగ్గుతూ ఈ అంకెలు నిలబడితే పోతోంది ఎక్కువగా కొవ్వే. రెండు మూడు వారాలు వరసగా అంకెలు పడిపోతే లోటుని సగం చేయాలి. ముల్లు ఆగినా ఫరవాలేదు.

83 కిలోలు: స్ప్రింగ్ మార్పు, పరీక్ష

రింగ్ ఇంకో మూడింట రెండు చుట్లు వదిలితే రేస్ స్యాగ్ 105కి వచ్చింది, స్టాటిక్ మాత్రం 43. ఈ జత చెప్పేది స్పష్టం: స్ప్రింగ్ ఈ రైడర్‌కి గట్టిది. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. రేస్ స్యాగ్ సరిగా ఉండి స్టాటిక్ ఎక్కువైతే స్ప్రింగ్ గట్టిది, స్టాటిక్ తక్కువైతే మెత్తది. మెత్తటి స్ప్రింగ్‌ని రైడర్ బరువుకి నిలబెట్టాలంటే బాగా బిగించాలి, అప్పుడు ఖాళీ బండి పైనే నిలబడుతుంది. గట్టి స్ప్రింగ్‌కి బిగింపు అక్కర్లేదు, ఖాళీ బండి తన బరువుకే కుంగుతుంది.

చాలా ఎండ్యూరో మాన్యువల్స్‌లో పది కిలోల రైడర్ తేడాకి వెనక స్ప్రింగ్ ఒక మెట్టు, అంటే 3 న్యూటన్/మి.మీ., ముందు ఫోర్క్ స్ప్రింగ్ 0.2 న్యూటన్/మి.మీ. మారుతుంది. వెనక 48 తీసి 45 వేశాం. లెక్క: 83కి సామాను 12 కలిపి రైడర్ 95 కిలోలు, 48 స్ప్రింగ్ మీద కుంగుడు 62 మి.మీ., 45 మీద 66. రేస్ స్యాగ్ 105 పెడితే స్టాటిక్ 39. మళ్లీ జాగాలోకి వచ్చింది.

ముందూ వెనకా కలిపే మార్చాలి. వెనక ఒక్కటే మెత్తబడితే బండి వెనక్కి వాలి మలుపుల్లో ముందు చక్రం తేలుతుంది. ఏదీ మార్చకపోతే వెనక భాగం లేచి ఉంటుంది, స్టీరింగ్ కోణం నిటారవుతుంది, వేగంలో హ్యాండిల్ వణుకుతుంది, దిగుడులో బ్రేకు పట్టగానే వెనక చక్రం తన్నుతుంది. ఫోర్క్ గట్టిదో కాదో చూడటానికి లోపలి గొట్టం మీద జిప్ టై ఒకటి చాలు. రోజులో అన్నిటికన్నా గట్టి దెబ్బ తరవాత అది ఫోర్క్ ప్రయాణం చివరికి ఇంకా 20, 30 మి.మీ. ఉండగా ఆగాలి. 60 మిగిలిపోతే ఫోర్క్ ఇంకా పాత బరువుకే పనిచేస్తోంది. గాలి ఫోర్క్ ఉన్నవాళ్లకి స్ప్రింగ్ ఖర్చు లేదు, మాన్యువల్ పట్టికలో కొత్త బరువుకి ఎదురుగా ఉన్న పీడనం పెట్టుకోవాలి.

మెత్తటి స్ప్రింగ్‌లో నిలవయ్యే శక్తి తక్కువ, కాబట్టి దాన్ని ఆపే రీబౌండ్ డ్యాంపింగ్ (కుంగిన స్ప్రింగ్ తిరిగి లేచే వేగానికి అదుపు) కూడా తక్కువ చాలు. రీబౌండ్ స్క్రూని పూర్తిగా మూసిన చోటు నుంచి క్లిక్‌లు లెక్కపెట్టి, పాత అంకె రాసుకుని, ఒక్కో క్లిక్ తెరవాలి. రీబౌండ్ మరీ మూసి ఉంటే వరస గుంతల్లో వెనక చక్రం తిరిగి దిగేలోపే తరవాతి గుంత వస్తుంది, షాక్ కుంగుతూ కుంగుతూ రాయిలా గట్టిపడుతుంది. అది కంప్రెషన్ (కుంగే వేగానికి అదుపు) లోపమని కంప్రెషన్ తెరిచేవాళ్లున్నారు, జబ్బు ఇంకా పెరుగుతుంది. ఒకసారికి ఒక్క మార్పే, అదే దారి మీద.

పరీక్షకి లాప్ టైమ్‌ని నమ్మొద్దు. నేల తడి మారితే వచ్చే తేడా పన్నెండు కిలోల తేడాకన్నా పెద్దది. చూడాల్సింది అదే రోజు, అదే లూప్ మీద మొదటి లాప్‌కీ చివరి లాప్‌కీ మధ్య తేడా, చివరి లాప్‌లో ఎక్కడెక్కడ కూర్చున్నారన్నది, సగటు గుండె వేగం లాప్ లాప్‌కీ ఎంత పాకుతోందన్నది. హెల్మెట్ కెమెరా కాక, దారి పక్కన ఒకేచోట పెట్టిన ఫోన్ చాలు, భంగిమ అందులోనే బాగా తెలుస్తుంది. 95 దగ్గర చివరి లాప్‌లో రైడర్ రాళ్ల ఎక్కుడు సగంలోనే సీటు మీదికి దిగాడు, మోచేతులు కిందికి పడిపోయాయి. 83 దగ్గర అదే ఎక్కుడు పై అంచు దాకా నిలబడే ఉన్నాడు, మోచేతులు పైనే, మోకాళ్లు ట్యాంకుని పట్టి ఉన్నాయి. మొదటి లాప్‌లో మాత్రం రెండు వీడియోలకీ పెద్ద తేడా లేదు. బరువు తగ్గితే ఒక్క లాప్‌లో వేగం వచ్చేస్తుందని ఆశించేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. నైపుణ్యం అలాగే ఉంటుంది, అది నిలిచే సమయం పెరుగుతుంది.

మిగిలిన పనులు

లోటుని ఒక్కసారిగా ఎత్తేయకుండా వారానికి రోజుకి 100 కిలోకాలరీల చొప్పున పెంచుకుంటూ ఏడు రోజుల సగటు నిలిచే చోట ఆపాలి. మొదట్లో గ్లైకోజెన్, దాని నీళ్లు తిరిగి చేరి ఒకటి రెండు కిలోలు పెరుగుతుంది. అది కొవ్వు కాదు, కానీ స్ప్రింగ్‌కి అది కూడా బరువే. అందుకే స్యాగ్ చివరి కొలత బరువు కుదుటపడ్డ తరవాతే తీయాలి. తీసిన పాత 48 స్ప్రింగ్‌ని నూనె రాసి, మీద అంకె రాసి దాచాలి. మూడు కిలోలు దాటి పెరిగితే మొదట రింగ్, ఆరు దాటితే స్ప్రింగ్ గురించి ఆలోచన. హెల్మెట్ చీక్ ప్యాడ్‌లు కొత్తవి కాబట్టి కొంత వాడకం తరవాత నొక్కుకుపోతాయి, గడ్డం పట్టీ పరీక్ష మళ్లీ చేయాలి. ఫోర్క్ స్ప్రింగ్‌లు మార్చినప్పుడు నూనె మట్టం రాసుకోనివాళ్లు దాన్ని మాన్యువల్ కొలతకి సరిచేశాకే క్లిక్‌ల జోలికి వెళ్లాలి.